విశ్వవిద్యాలయ భవనం ఎవరి చేతిలో రూపుదిద్దుకుంటుంది

ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం మూడు గంటలు దాటాక తిరుపతిలో పడమటి ముఖంగా ఉన్న తరగతి గదుల్లోకి వెళ్లి చూస్తే, కిటికీ అద్దాలకు పాత దినపత్రికలు అంటించి ఉండడం తరచుగా కనిపిస్తుంది. వెలుతురు కోసం పెట్టించిన అద్దాన్ని ఎండకు తాళలేక కాగితంతో మూసేసి, పట్టపగలు ట్యూబులైట్లు వేసుకుని పాఠం వినే గదులు మన ఊళ్లో కొత్త కాదు. నేను చదువుకున్నది కూడా అలాంటి గదిలోనే. ఆ గదిని అలా ఎవరు కట్టారని అడిగితే ఆర్కిటెక్ట్ పేరు కొందరు చెబుతారు, ఇంజినీరు పేరు కొందరు, కాంట్రాక్టరు పేరు మరికొందరు చెబుతారు. తర్వాతి కాలంలో ఒక విద్యాసంస్థ భవన నిర్మాణ సంఘంలో కొన్నాళ్లు కూర్చుని, ప్రతిపాదన మొదలుకొని తుది బిల్లు దాకా కాగితాలన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది: ఆ గదికి పడమటి ఎండ తగలాలని ఎవరూ నిర్ణయించలేదు. ఆర్కిటెక్ట్ పెన్సిలు పట్టుకోకముందే, నిధుల పద్దులోనూ విస్తీర్ణం పట్టికలోనూ స్థలం ఎంపికలోనూ జరిగిపోయిన లెక్కల్లో ఆ భవనం రూపం చాలావరకు తేలిపోయింది. ఆ లెక్కలను ఒక్కొక్కటిగా విప్పి చూపించడమే ఈ వ్యాసం పని.

తిరుపతికి ఈ విషయం ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన భూమిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. 1983లో శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2006లో వేద విశ్వవిద్యాలయం వచ్చాయి. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పశువైద్య, వైద్య విద్యాసంస్థలు వీటి చుట్టుపక్కలే ఉన్నాయి. 2015లో మంజూరైన ఐఐటీ, విజ్ఞానశాస్త్రాల విద్య, పరిశోధనల కేంద్ర సంస్థ ఐసర్ తాత్కాలిక వసతిలో తరగతులు ప్రారంభించి, ఆ తర్వాత ఏర్పేడు మండలంలో తమ సొంత ప్రాంగణాలకు తరలాయి. ఇంత చిన్న ఊరికి ఇన్ని ప్రాంగణాలు ఉండడం వల్ల ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒకచోట సెంట్రింగ్ కర్రలు నిలబడే ఉంటాయి. పాత ప్రాంగణాల్లో అరవై డెబ్బై ఏళ్ల భవనాల పక్కన కొత్తవి లేస్తున్నాయి. ఏర్పేడు వైపు చెట్టూ చేమా లేని నేలమీద మొత్తం ప్రాంగణమే కొత్తగా పుట్టింది. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదానిలో ఉన్నదాన్ని చెడగొట్టకుండా కట్టాలి, రెండోదానిలో లేని నీడను ముందుగా ఊహించి కట్టాలి.

డబ్బు ఎటునుంచి వస్తే భవనం అటు తిరుగుతుంది

విశ్వవిద్యాలయానికి కట్టడాల డబ్బు ఒకే సంచిలోంచి రాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కేంద్ర పథకాల కింద వచ్చే నిధులు ఒక దారి. 2013లో మొదలైన రూసా, దాని స్థానంలో 2023లో వచ్చిన పీఎం ఉష ఈ కోవలోవే. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. కేంద్ర సంస్థలకు నేరుగా వచ్చే మంజూరు రెండో దారి. 2017లో కెనరా బ్యాంకు భాగస్వామ్యంతో ఏర్పడిన ఉన్నత విద్యా ఆర్థిక సంస్థ, అంటే హెఫా, ఇచ్చే రుణం మూడో దారి. ఇవి కాక పూర్వ విద్యార్థుల విరాళాలు, దేవస్థానం సాయం, పరీక్షల రుసుముల్లోంచి మిగిలిన సొంత నిధి కూడా ఉంటాయి.

ఒక్కో దారికి ఒక్కో షరతు ఉంటుంది. విడతలుగా వచ్చే నిధికి, ముందు విడత ఖర్చుపెట్టినట్టు వినియోగ ధ్రువపత్రం సమర్పిస్తేనే తర్వాతి విడత వస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, డబ్బు చేతిలోకి వచ్చిన రోజునుంచే గడియారం పరుగెత్తడం మొదలవుతుంది. అటువంటి పరిస్థితిలో స్థలం గురించి ఆరునెలలు ఆలోచించడం ఎవరికీ సాధ్యం కాదు. ఎక్కడ రోడ్డు, కరెంటు, నీటి గొట్టం దగ్గరగా ఉన్నాయో, ఎక్కడ చెట్లు కొట్టే అనుమతి అవసరం లేదో, ఆ ఖాళీ జాగాను ఇంజినీరింగ్ విభాగం చూపిస్తుంది. ప్రాంగణాల్లో కొత్త భవనాలు ఆటస్థలం అంచున, పాత భవనాల పెరళ్లలో, రెండు విభాగాల మధ్య మిగిలిన సందుల్లో లేవడానికి ప్రధాన కారణం ఇదే. ఆ జాగా ఉత్తర దక్షిణాలుగా పొడవుగా ఉంటే భవనమూ అలాగే పొడవవుతుంది, దాని పొడవైన గోడ పడమటికి తిరుగుతుంది. దినపత్రికలు అంటించిన కిటికీ కథ అక్కడే మొదలైంది.

దీనికి విరుగుడు మాస్టర్ ప్లాన్. రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లలో ఎక్కడెక్కడ ఏయే భవనాలు రావచ్చో, ఎక్కడ ఎప్పటికీ కట్టకూడదో ముందే నిర్ణయించి పెట్టుకునే పటం అది. డబ్బు వచ్చాక స్థలం వెతకకుండా, స్థలం సిద్ధంగా ఉన్నచోటికి డబ్బు వచ్చేలా చేయడమే దాని ప్రయోజనం. చాలా సంస్థల్లో మాస్టర్ ప్లాన్ గోడమీద రంగుల బొమ్మగా వేలాడుతూ ఉంటుంది గానీ, మంజూరు ఫైలులో దాని ప్రస్తావన ఉండదు. ప్రతి కొత్త భవనం ప్రతిపాదనతోపాటు అది మాస్టర్ ప్లానులో ఏ సంఖ్య గల స్థలంలో వస్తోందో రాయాలన్న ఒక్క నియమం పాలకమండలి పెట్టుకుంటే, సగం తప్పులు ఆగిపోతాయని నా గట్టి అభిప్రాయం.

వరండా ఎలా మాయమైంది

మన పాత కళాశాల భవనాలన్నింటికీ ముందు పొడవైన వరండా ఉండేది. కొత్తవాటిలో అది కనిపించదు. అభిరుచి మారిందనీ, ఆధునికతమీద మోజనీ చాలామంది అనుకుంటారు. అసలు కారణం విస్తీర్ణం పట్టికలో ఉంది.

సాంకేతిక విద్యాసంస్థలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, పెట్టిన కొలతను ఉదాహరణగా తీసుకుందాం. అరవై మంది కూర్చునే తరగతి గదికి 66 చదరపు మీటర్ల విస్తీర్ణం కావాలి. ఆ గదిని 11 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుతో కట్టామనుకుందాం. గదుల వరుసకు ఒకవైపు 3 మీటర్ల వెడల్పు వరండా వేస్తే ప్రతి గదికీ 33 చదరపు మీటర్ల వరండా చేరుతుంది, అంటే గది విస్తీర్ణంలో సగం. అదే మధ్యలో 2.4 మీటర్ల నడవా వేసి దానికి రెండువైపులా గదులు పెడితే, ఒక్కో గది వంతుకు వచ్చేది 13.2 చదరపు మీటర్లు మాత్రమే, అంటే అయిదో వంతు. ఏఐసీటీఈ నిబంధనల్లో నడవాలు, మెట్లు వంటి రాకపోకల స్థలాన్ని మిగతా విస్తీర్ణంలో నాలుగో వంతుగా లెక్కించే పద్ధతి ఉండేది. మొదటి అంచనాలను చదరపు మీటరుకు ఇంత అని ప్లింత్ ఏరియా రేటుతో కడతారు. ఆ రేటుతో గుణించినప్పుడు వరండా ఉన్న భవనం ఖరీదైనదిగా, నడిమి నడవా ఉన్న భవనం పొదుపైనదిగా కాగితంమీద కనిపిస్తాయి. పైఅధికారి ఫైలు చూసి, పనికొచ్చే విస్తీర్ణం తక్కువగా ఉందని రాస్తాడు. వరండా అక్కడే పోతుంది. ఆ రాసిన అధికారి తన పని తాను సక్రమంగానే చేశాడు, తప్పు ఆ పట్టికలో ఉంది.

నడిమి నడవా భవనంలో ఏం జరుగుతుందో రోజూ వాడేవారికి తెలుసు. నడవాలో పగలంతా దీపాలు వెలగాలి. గదికి ఒకే వైపు కిటికీ ఉంటుంది కాబట్టి గాలి లోపలికి వచ్చి బయటికి పోయే దారి ఉండదు. కిటికీ పైఅంచు నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి రెండింతలు, మహా అయితే రెండున్నర ఇంతల లోతు దాకానే పగటి వెలుతురు సరిగ్గా అందుతుంది. ఆరు మీటర్ల లోతున్న గదిలో ఏడడుగుల ఎత్తు కిటికీతో గోడవైపు బల్లలకు చీకటి తప్పదు. అప్పుడు ఫ్యాన్లు, దీపాలు, చివరికి ఏసీలు వస్తాయి. అంచనాలో మిగిల్చిన డబ్బు నెలనెలా కరెంటు బిల్లుగా బయటికి పోతుంది. అయితే కట్టే డబ్బు ఒక పద్దు, కరెంటు బిల్లు వేరొక పద్దు. ఈ రెండింటినీ ఒకే కాగితంమీద కూడి చూసే బాధ్యత ఏ అధికారికీ అప్పగించి ఉండదు.

వరండా విద్యార్థుల సమయం గడిచే చోటు కూడా. తరగతికీ తరగతికీ మధ్య పది నిమిషాల్లో అధ్యాపకుణ్ణి ఆపి సందేహం అడిగేది అక్కడే, వేరే విభాగం వాళ్లతో పరిచయం కలిగేది అక్కడే. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి రూపొందించిన బెంగళూరు ఐఐఎం ప్రాంగణంలో గదులకన్నా రాతి నడవాలకే ఎక్కువ పేరు రావడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆ నడవాలు మన అంచనా పట్టికలో పనికిరాని విస్తీర్ణం కింద లెక్కకు వస్తాయి.

ఎండ లెక్క

తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉంది. దీన్నిబట్టి ఏ గోడకు ఏ నెలలో ఎంత ఎండ తగులుతుందో ఖచ్చితంగా చెప్పవచ్చు. అయినా ఈ లెక్క చేయకుండానే చాలా భవనాలకు నాలుగువైపులా ఒకే కిటికీ, ఒకే సన్‌షేడ్ పెట్టేస్తారు.

దక్షిణపు గోడ సంగతి సులభం. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున దాదాపు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఏడాది మొత్తంమీద మధ్యాహ్నపు సూర్యుడు అంతకన్నా కిందికి దిగడు. నాలుగడుగుల ఎత్తున్న కిటికీకి మూడడుగుల సన్‌షేడ్ ఉంటే ఆ రోజున కూడా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. ఉత్తరపు గోడ ఇంకా సులభం. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఢిల్లీ వాళ్లకు ఎన్నడూ లేని ఈ పరిస్థితి మనకు ఉన్నందువల్ల ఉత్తర కిటికీకీ సన్‌షేడ్ కావాలి, అయితే అడుగు వెడల్పు చాలు. ఉత్తర భారతంలో తయారైన నమూనా నక్షాను యథాతథంగా ఇక్కడ కట్టినప్పుడు ఉత్తరం వైపు సన్‌షేడ్ లేకపోవడం చూస్తాం.

చిక్కంతా తూర్పు పడమరలదే. ఏప్రిల్ ఆఖరులో సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు పడమట దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నాలుగడుగుల కిటికీని కాపాడాలంటే దాదాపు ఆరడుగుల సన్‌షేడ్ కావాలి. అయిదు గంటలకు సూర్యుడు 20 డిగ్రీలకు దిగేసరికి దాదాపు పదకొండు అడుగులు కావాలి. గోడకు వేలాడదీసిన శ్లాబుతో ఇది అయ్యే పని కాదు. ఆరు నుంచి పదకొండు అడుగులంటే అది వరండా వెడల్పు. మన పెద్దలు పడమటి వైపు వరండా వేసి దాని అంచున తడికెలు, తట్టీలు కట్టుకున్నది ఈ లెక్క ఒంటికి తెలిసినందువల్లనే. వరండా వేయలేనిచోట నిలువు రెక్కలు, జాలీ గోడలు, లేదా మెట్లు, మరుగుదొడ్లు, స్టోరు గదులు ఆ పక్కకు పెట్టి తరగతి గదులను కాపాడడం వంటి ఉపాయాలున్నాయి. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇటుకలతోనే జాలీ గోడలు పేర్పించి, గాలి, వెలుతురు వస్తూ ఎండ రాకుండా చేశారు. జాలీకి ఖర్చు తక్కువ, పేర్చే మేస్త్రీ నైపుణ్యం మాత్రం కావాలి. టెండరు పట్టికలో ఆ నైపుణ్యానికి వేరే రేటు ఉండదు కాబట్టి అది దొరకడం కష్టమవుతోంది.

భవనం ముందువైపు మొత్తాన్ని అద్దంతో కప్పే ధోరణి గురించి ఒక మాట. ఇంధన పొదుపు భవన నియమావళి 2017 ప్రకారం, సూటిగా నిబంధనలు పాటించే పద్ధతిలో, గోడ విస్తీర్ణంలో కిటికీల వాటా 40 శాతానికి మించకూడదు. 100 కిలోవాట్లు, ఆపైన కరెంటు లోడు ఉన్న భవనాలకు ఆ నియమావళి వర్తిస్తుంది. అద్దపు ముఖం ఉన్న భవనం ప్రారంభోత్సవం ఫొటోలో బాగుంటుంది. మే నెల వచ్చేసరికి లోపలివాళ్లు కర్టెన్లు వేసుకుంటారు, ఏసీ లేనిచోట కాగితాలు అంటిస్తారు.

అన్నింటికన్నా ఎక్కువ ఎండ పడేది పైకప్పుమీద. పై అంతస్తు గదుల్లో శ్లాబు రాత్రి ఎనిమిదింటికి కూడా సెగలు కక్కుతుందని హాస్టల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. మిద్దెమీద తెల్లటి పూత, లేదా తెల్ల పెంకు ముక్కలు పరచడం, శ్లాబు కింద వేడి దిగకుండా ఒక పొర వేయడం మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. సౌర ఫలకాలు పెట్టితే కరెంటుతోపాటు నీడ కూడా వస్తుంది. అయినా అంచనా తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కొట్టేసేది మిద్దె పొరనే, ఎందుకంటే అది కిందినుంచి ఎవరికీ కనిపించదు.

నీరు, వాలు, వాస్తు

తిరుపతి నేల స్వభావం తెలియకుండా ఇక్కడ ప్రాంగణం కట్టకూడదు. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది. కొండమీద పడిన వాన నది వైపు పోవాలి, పోయే దారిలో ఊరూ ప్రాంగణాలూ ఉన్నాయి. 2021 నవంబరులో కురిసిన వానలకు కపిలతీర్థం దగ్గర కొండనీరు ఉప్పొంగి పడడం, ఊళ్లో వీధులు ఏరులై పారడం, స్వర్ణముఖి పొంగడం, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది గ్రామాలను ఖాళీ చేయించడం ఎవరూ మరచిపోలేదు. కొండనీరు దిగే వంకల్లో ఎండాకాలంలో నీటి చుక్క కనిపించదు. వంక ఎండిపోయి ఉన్నప్పుడు స్థలం చూసినవాడు దాన్ని ఖాళీ జాగా అనుకుంటాడు. ప్రాంగణం మాస్టర్ ప్లానులో మొట్టమొదట గీయవలసింది భవనాలు కావు, ఈ వంకల దారులు. వాటికి ఇరువైపులా కొంత వెడల్పు వదిలి, అక్కడ చెట్లు పెంచుకోవాలి.

దీనికి వాస్తు అనే మరో ముడి చేరుతుంది. మన ప్రాంతంలో ఏ ప్రభుత్వ భవనమూ వాస్తు చూడకుండా శంకుస్థాపన దాకా రాదు, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అయితే నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలన్నది వాస్తు సూత్రం. తిరుపతిలో నేల ఉత్తరాన ఎత్తు, దక్షిణాన పల్లం. ఈ రెండింటినీ పొత్తు కుదర్చడానికి దక్షిణపు వైపు మట్టి పోసి ఎత్తు చేస్తే, కొండనుంచి వచ్చే నీటికి అడ్డుకట్ట వేసినట్టవుతుంది. నీరు ఆ భవనం ఉత్తరపు గోడకు నిలుస్తుంది, లేదా పక్క భవనంలోకి పోతుంది. ఒక ఇంటి స్థలానికి పనికివచ్చే సవరణ వందల ఎకరాల ప్రాంగణానికి పనికిరాదు. భవనం లోపలి గదుల అమరికలో వాస్తును పాటించి, నేల వాలును మాత్రం ముట్టుకోకుండా వదిలేయడమే ఇక్కడ కుదిరే ఒప్పందం. అనుభవమున్న వాస్తు పండితులు దీనికి అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు.

వరద ఎంత నిజమో కరువూ అంతే నిజం. తిరుపతికి కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లే ఆధారం. వెయ్యి చదరపు మీటర్ల మిద్దెమీద పది సెంటీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు వస్తుంది. ఒక్క హాస్టలు మిద్దె ఇచ్చే ఈ నీటిని పట్టి భూమిలోకి ఇంకించడమో, తొట్టిలో నిల్వ చేయడమో చేయకుండా నేరుగా రోడ్డుమీదికి గొట్టం పెట్టి వదిలేస్తే, వరదకు మనమే నీళ్లు పోసినట్టు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల, ఎండిన లోయలో చెట్లు నాటి, వాన నీటిని ఇంకించే కుంటలు తవ్వుకుని తన ప్రాంగణాన్ని పచ్చగా మార్చుకుంది. దానికి పట్టింది దశాబ్దాల ఓపిక. ఏర్పేడు వైపు కొత్త ప్రాంగణాలకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు. భవనాల టెండరు పిలిచిన ఏడాదే వేప, కానుగ, చింత మొక్కలు కూడా నాటితే, చివరి భవనం పూర్తయ్యేనాటికి మొదటి భవనానికి నీడ వస్తుంది.

కొండ అంచున ఉన్న ప్రాంగణాలకు ఇంకొక విషయం ఉంది. శేషాచలం అడవి 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. ఇటీవలి సంవత్సరాల్లో ఎస్వీ, వేద విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో చిరుత సంచారం గురించి వార్తలు పదేపదే వచ్చాయి. అడవి వైపు హాస్టళ్లు, క్యాంటీను చెత్త కుప్పలు పెట్టకపోవడం, రాత్రి నడిచే దారులను ప్రాంగణం మధ్యలోకి తేవడం కూడా నక్షా గీసేటప్పుడే చూడవలసిన సంగతులు.

టెండరులో ఏం పోతుంది

అంచనాకు పరిపాలనా అనుమతి, ఆ తర్వాత సాంకేతిక మంజూరు వచ్చాక టెండరు పిలుస్తారు. ఐటమ్ రేటు పద్ధతిలో సంస్థ తరఫున నక్షా సిద్ధంగా ఉంటుంది, కాంట్రాక్టరు ఒక్కొక్క పనికి ధర చెబుతాడు. ఇంజినీరింగ్, సామగ్రి సేకరణ, నిర్మాణం మూడూ ఒకరికే అప్పగించే ఈపీసీ పద్ధతిలో నక్షా వివరాలు గీయించుకునే బాధ్యత కూడా కాంట్రాక్టరుదే. పని త్వరగా అవుతుంది, ధర ముందే స్థిరపడుతుంది గనక ఈ రెండో పద్ధతిని పాలకులు ఇష్టపడతారు. అయితే అందులో ఆర్కిటెక్ట్ జీతం కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. తక్కువ ధరకు పని దక్కించుకున్నవాడు మిగుల్చుకోవలసింది ఆ వివరాల్లోనే. కాగితంలో సన్‌షేడ్ అని మాత్రమే రాసి, ఏ గోడకు ఎన్ని అడుగులో రాయకపోతే, అన్ని గోడలకూ ఒకటిన్నర అడుగు వస్తుంది. అందులో మోసం ఏమీ లేదు. అడగనిది ఇవ్వలేదు, అంతే.

అతి తక్కువ ధరకే పని ఇవ్వాలన్న పద్ధతికి కొంత సడలింపు ఉంది. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నాణ్యత ముఖ్యమైన పనుల్లో ధరతోపాటు నాణ్యతకూ 30 శాతం వరకు మార్కులు ఇవ్వవచ్చు. దీన్ని వాడుకోవాలంటే నాణ్యత అంటే ఏమిటో సంస్థ ముందుగా రాసిపెట్టుకోవాలి. అది రాయడం రాకపోతే సడలింపు ఉన్నా ప్రయోజనం ఉండదు.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణ విస్తీర్ణం ఉంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి వస్తుంది. విద్యాసంస్థల కట్టడాలకు ఇచ్చిన మినహాయింపును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రేణిగుంట విమానాశ్రయం దగ్గరలో ఉన్నందువల్ల ఎత్తుకు సంబంధించిన అనుమతి చూసుకోవాలి. అగ్నిమాపక శాఖ అనుమతి ఎలాగూ ఉంటుంది. ఇవి ఆలస్యానికి కారణాలుగా చెప్పుకుంటారు గానీ, నేను చూసినంతలో ఆలస్యానికి పెద్ద కారణం పని మొదలయ్యాక విభాగాలు గదుల అవసరాలను మార్చడమే.

దివ్యాంగుల సౌకర్యం మాత్రం క్లుప్తంగా దాటేసేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత ర్యాంపు లేని ప్రభుత్వ భవనం ఉండకూడదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్నది ర్యాంపు కొలత. రెండడుగుల ఎత్తు పునాదికి ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు కావాలి. నక్షాలో మొదట చోటు వదలకపోతే, చివరికి ఎనిమిది అడుగుల్లో నిటారుగా ఒక వాలు పోసి ర్యాంపు అని పేరు పెడతారు. చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థి దానిమీద ఒంటరిగా ఎక్కలేడు, దిగేటప్పుడు ప్రమాదం. పై అంతస్తుకైతే 3.6 మీటర్ల ఎత్తుకు 43 మీటర్ల ర్యాంపు పడుతుంది కాబట్టి లిఫ్టు తప్పదు, ఆ లిఫ్టుకు కరెంటు పోయినప్పుడు నడిచే ఏర్పాటూ తప్పదు. ఎందరో మంచి విద్యార్థులు మొదటి అంతస్తులో ఉన్న ప్రయోగశాలకు చేరలేక వేరే కోర్సు తీసుకున్నారు. ఇంతకంటే బాధాకరమైన నిర్మాణ లోపం నాకు తెలియదు.

గోపురం నమూనా, చంద్రగిరి నమూనా

తిరుపతిలో కట్టే భవనానికి తిరుపతి రూపం ఉండాలని అందరూ కోరుకుంటారు, ఆ కోరిక న్యాయమైనది. అది సాధారణంగా ముఖద్వారంమీద సిమెంటు కలశాలుగా, పోర్టికోకు అతికించిన గోపురపు అంచుగా తేలుతుంది. గోపురం ఆలయ ప్రవేశానికి గుర్తు, దానికో అర్థం, ఆగమ శాస్త్రంలో దానికో స్థానం ఉన్నాయి. దాన్ని తెచ్చి పరీక్షల విభాగం భవనానికి తగిలించడం నాకు రుచించదు. ఆలయాలనుంచి ప్రాంగణాలకు తెచ్చుకోవలసింది మండపం. గోడలు లేకుండా స్తంభాలమీద నిలిచిన నీడ అది. వందమంది కూర్చున్నా గాలి ఆడుతుంది, వాన కురిసినా సభ ఆగదు.

ఊరికి దగ్గరలోనే చంద్రగిరి రాజమహల్ ఉంది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో విజయనగర కాలంలో కట్టిన మూడంతస్తుల కట్టడం. మందపాటి గోడలు పగటి వేడిని లోపలికి రానివ్వవు, వరుస కమానుల వెనుక లోతైన నీడ ఉంటుంది. మే నెలలో అక్కడికి వెళ్లినవాళ్లు ఎండలోంచి ఆ కమానుల కిందికి అడుగుపెట్టగానే తేడా ఒంటికి తెలుస్తుంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు దాన్ని చరిత్ర పాఠంగా చూపిస్తారు. ఇంజినీరింగ్ విభాగం సిబ్బందికి మధ్యాహ్నం మూడింటికి, చేతిలో ఉష్ణమాపకంతో చూపిస్తే ఇంకా మంచిది. కుప్పం ప్రాంతం గ్రానైటుకు ప్రసిద్ధి, 1997లో అక్కడ ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కట్టడాల్లో ఆ నేల రాయి కనిపిస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇంత రాయి ఉండగా, పదేళ్లకు ఊడిపోయే అల్యూమినియం పలకలను భవనం ముఖానికి బిగించడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మొదటి కాగితం దగ్గరికి తిరిగి వెళ్లాలి. విభాగాధిపతి తన విభాగానికి కొత్త భవనం కావాలని రాసే పత్రంలో ఇప్పుడు ఉండేది గదుల సంఖ్య, విస్తీర్ణం, విద్యార్థుల సంఖ్య. దానికి తోడు మరికొన్ని వాక్యాలు చేరాలి. ఏ గదులు ఏ వేళల్లో వాడతారు, వేటికి పడమటి ఎండ తగలకూడదు, ప్రతి తరగతి గదికీ రెండు వైపులా కిటికీలు కావాలా, వరండా ఎన్ని అడుగులు, దాన్ని పనికొచ్చే విస్తీర్ణంగా లెక్కించమని సంస్థ కోరుతోందా, మిద్దె నీరు ఎక్కడికి పోవాలి, ఏ చెట్లు నిలవాలి, నెలకు ఎంత కరెంటు బిల్లు దాకా భరించగలం. వీటిని రాయడానికి ఇంజినీరింగ్ చదువు అక్కరలేదు, ఆ గదుల్లో పాఠం చెప్పిన అనుభవం చాలు. అలా రాసిన పత్రం అంచనాకు, టెండరుకు అనుబంధంగా వెళితే ఆర్కిటెక్ట్ దాన్ని తప్పించుకోలేడు, కాంట్రాక్టరు ధరలో చేర్చకుండా ఉండలేడు, ఆడిట్ అధికారి వరండాను వృథా అని రాయలేడు. భవనం అప్పగించాక ఏడాది తిరిగేలోపు ఒకసారి మే నెల మధ్యాహ్నం, ఒకసారి నవంబరు వానలో అదే పత్రం పట్టుకుని గది గదీ తిరిగి చూసి, తేలినదాన్ని తర్వాతి భవనం ఫైలులో మొదటి పేజీగా పెట్టాలి.